పన్నెండు బొక్కల జాలీ

నా పేరు కిల్లో రాజులమ్మ. నా భర్త కిల్లో భీముడు చనిపోయి ఇరవై రెండేళ్ళయింది. నా వయసు యాభై ఆరో యాభై ఏడో ఉంటుంది. ఓటరు కార్డులో అరవై ఒకటి వేశారు, అది తప్పు. పిల్లలు లేరు. విశాఖపట్నం జిల్లా డుంబ్రిగుడ మండలం మొర్రిగుడ కాలనీలో నాలుగో నంబరు ఇంట్లో ఒక్కదాన్నే ఉంటున్నాను. అరకులోని బొమ్మల కేంద్రానికి మట్టి బొమ్మలు, చిన్న చిన్న ఇళ్ళు చేసి ఇవ్వడం నా పని. చదువు రాదు. తారీఖులు కేంద్రం చూసే మాధవి గారు తన రిజిస్టరులో వెతికి చెబితే బట్టీపట్టి వచ్చాను.

ఈ రోజు 19-2-2004, గురువారం, ఉదయం పదకొండు గంటలకు మేజిస్ట్రేటు గాయత్రి గారి ఎదుట ఇది చెబుతున్నాను. నేను ఏదీ ఒప్పుకోవలసిన అవసరం లేదని, చెప్పినది నా మీదే సాక్ష్యంగా రావచ్చని అమ్మగారు రెండుసార్లు చెప్పారు. నాకు మొదటిసారే అర్థమైంది. గదిలో పోలీసులు లేరు. నన్నెవరూ బెదిరించలేదు. బెదిరించడానికైనా మా ఇంటికి వచ్చేవాళ్ళు లేరు.

మా పక్కింటి కొర్రా ఫల్గుణ ఐదేళ్ళ కిందట తన భార్య యర్రమ్మను చంపాడని మొన్న సోమవారం పోలీసులు పట్టుకున్నారు. అతను చంపలేదు. ఆమె ఎలా చనిపోయిందో నాకు తెలుసు. అది చెప్పడానికి వచ్చాను.

యర్రమ్మ నాకన్నా పదేళ్ళు చిన్న. ఊళ్ళో అందరూ యర్రి అనేవారు. తోడబుట్టినది కాదు, అయినా నన్ను అప్పా అని పిలిచేది. మా వైపు అక్కను అలాగే పిలుస్తారు. ఆమెకూ పిల్లలు లేరు. సాయంత్రాలు ఇద్దరం ఒకే పొయ్యి మీద వండుకునేవాళ్ళం. నేను మట్టి పిసుకుతుంటే ఆమె అడ్డాకులతో విస్తర్లు కుడుతూ ఊళ్ళో కబుర్లన్నీ చెప్పేది. సగం అబద్ధాలే. ఫల్గుణ కుర్రతనంలో బొర్రా దగ్గర రైలు సొరంగాల్లో గ్యాంగు కూలీగా చేశాడు. తరువాత కాఫీ మొక్కలు, అల్లం వేసుకుని బతికాడు. తాగితే కేకలు వేసేవాడు. చెయ్యి చేసుకోవడం మాత్రం నేను చూడలేదు.

1998లో వానలు తగ్గాక సర్కారు కట్టించిన కాలనీ ఇళ్ళలోకి మారాం. అంతకుముందు మావి గడ్డి కప్పుల ఇళ్ళు. కాలనీ ఇంటికి సిమెంటు గోడలు, పైన శ్లాబు, రేకు తలుపు, ఒక కిటికీ. కిటికీ పైన గోడలో సిమెంటు జాలీ. దానికి పన్నెండు బొక్కలు. మా ఆడవాళ్ళం చలి ముదరకముందే గోడల్లో సందులన్నీ ఎర్రమట్టితో మెత్తేస్తాం. మా అమ్మ మెత్తింది, మా అమ్మమ్మ మెత్తింది. రాత్రికి కుంపటి పక్కన పెట్టుకుని తలుపు బిగించి పడుకుంటాం. పాత ఇళ్ళలో పొగంతా గడ్డిలోంచి దానంతట అదే పోయేది. శ్లాబులోంచి పోదు. ఈ సంగతి నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలియదు.

8-1-1999 శుక్రవారం ఉదయం ఆరు గంటలకు ఫల్గుణ అల్లం బస్తాలు వేసుకుని అరకు సంతకు వెళ్ళాడు. ఆ రాత్రి సుంకరమెట్టలో వాళ్ళ చెల్లెలి ఇంట్లో ఉండి మర్నాడు వస్తానని చెప్పి వెళ్ళాడు. యర్రమ్మకు అప్పటికి రెండు రోజులుగా జ్వరం. మధ్యాహ్నం మూడు గంటలకు నేను వెళ్ళేసరికి రెండు దుప్పట్లు కప్పుకుని వణుకుతోంది.

"ఏటే గుంటా, ముసల్దానిలాగ అలా మూలుగుతన్నావు?" అన్నాను.

"సలి ఏత్తంది అప్పా. ఆ బొక్కల్లోంచి గాలి సక్కా నా నెత్తి మీదే కొడతంది. ఈ ఇల్లు కట్టినోడికి సలంటే తెలీదు కావాల," అంది.

నేను మట్టి తెచ్చి, తరిగిన గడ్డి కలిపి, పీట ఎక్కి ఆ పన్నెండు బొక్కలూ మెత్తేశాను. అరగంట పట్టింది. నున్నగా మెత్తాను. నా పని ఎప్పుడూ నున్నగానే ఉంటుంది. తరువాత గంజి కాచి ఇస్తే అర గ్లాసు తాగింది. ఆరు గంటలకు మా పొయ్యిలోంచి నిప్పులు తెచ్చి కుంపటిలో నిండా పోశాను. కుంపటి కూడా నేను చేసినదే. ఆమె తల దగ్గరికి జరిపాను. తలుపు కింద సందుంటే గోనెపట్టా మడిచి పెట్టాను.

"ఈ పూట ఇక్కడే తొంగోరాదా అప్పా," అంది.

మా ఇంట్లో కేంద్రం వాళ్ళు అడిగిన ఏనుగు బొమ్మలు పచ్చిగా ఉన్నాయి. తడిగుడ్డ మార్చకపోతే పగులుతాయి. "పొద్దున్నే బేగి వత్తాను, తొంగో," అన్నాను. గోనెపట్టా జరగకుండా తలుపు నేనే బయటి నుంచి లాగాను. "ఎల్లిపోతన్నావా?" అంది. "ఊఁ" అన్నాను. మా ఇద్దరి మధ్యా అదే ఆఖరు. నా వైపు నుంచి అది ఒక మాట కూడా కాదు.

ఉండిపోతే ఇద్దరం పోయేవాళ్ళం. అది నాకు బాగానే ఉండేది.

మర్నాడు ఉదయం ఆరున్నరకు వెళ్ళాను. గోనెపట్టా అడ్డం పడి తలుపు రాకపోతే భుజంతో నెట్టాను. ఆమె గోడవైపు తిరిగి, కుడి చెయ్యి చెంప కింద పెట్టుకుని పడుకుని ఉంది. కుంపటిలో బూడిద ఉంది. నిద్రపోతోంది అనుకున్నాను. పక్కన కూర్చుని, గుడ్డ మార్చినా రెండు ఏనుగులు పగిలాయని చెప్పాను. ఏనుగుల గురించి, గంజి గురించి, పక్క వీధి కుక్క ఈనిన సంగతి చెప్పాను. ఎంతసేపు మాట్లాడానో చెప్పలేను. దుప్పటి సర్దబోతే చెయ్యి చల్లగా తగిలింది. నాకు తల తిరిగింది. ఏడుపు వల్ల అనుకున్నాను.

తొమ్మిది గంటలకు ఫల్గుణ వచ్చాడు. అప్పటికి కాలనీ అంతా పోగైంది. అతను లోపలికి వచ్చి ఆమెను చూశాడు, కుంపటిని చూశాడు, పైకి చూశాడు. మమ్మల్నందరినీ బయటికి పొమ్మని తలుపు వేసుకున్నాడు. పావుగంట ఒక్కడే లోపల ఉన్నాడు. తరువాత తువ్వాలు మూట కట్టుకుని బయటికి వచ్చి వాగు వైపు వెళ్ళి తిరిగి వచ్చాడు. నేను మళ్ళీ లోపలికి వెళ్ళాను కానీ జాలీ వైపు చూడలేదు. నేను యర్రమ్మను చూస్తున్నాను. ఆ సాయంత్రమే దహనం చేశాం.

మూడో రోజు పెదబయలు నుంచి యర్రమ్మ తమ్ముడు వచ్చి, బావే ఏదో చేశాడని కేసు పెట్టాడు. 12-1-1999న పోలీసులు వచ్చి ఇల్లు చూసి, గోడలు, కిటికీ, జాలీ అన్నీ ఎలా ఉన్నవి అలా రాసుకున్నారు. నన్ను అడిగారు. ఫల్గుణ తాగితే అరుస్తాడని, ఆ రోజు మమ్మల్ని గెంటి పావుగంట తలుపు వేసుకున్నాడని చెప్పాను. మట్టి మెత్తానని చెప్పలేదు. దాచిపెట్టి కాదు. ఇల్లు ఊడ్చానని ఎవరైనా పోలీసులకు చెబుతారా? ఇదీ అంతే అనుకున్నాను. శవం లేదు, రుజువు లేదు అని అతన్ని వదిలేశారు.

కానీ నేను వదల్లేదు. అతనే చంపాడని గట్టిగా నమ్మాను. అతను నూతి దగ్గర ఎదురైతే బిందె దించకుండానే తిరిగి వచ్చేసేదాన్ని. అతను మాత్రం మానలేదు. "వదినా, వాన వత్తంది, మట్టి లోపలెట్టుకో," అనేవాడు. "వదినా, జొరమేటి, గొంతు అలాగుంది?" అనేవాడు. నేను తలుపు వేసుకునేదాన్ని. అతనితో నేను మాట్లాడను కాబట్టి అతనితో మాట్లాడే నలుగురితోనూ మానేశాను. అలా ఐదేళ్ళలో అందరూ అయిపోయారు. నా ఇంట్లో మనిషి గొంతు వినబడాలంటే నేనే దగ్గాలి.

17-11-2003 సోమవారం హైదరాబాదు నుంచి ఫణీంద్ర అనే ఆయన బొమ్మల కేంద్రానికి వచ్చాడు. ప్రతి గురువారం టీవీలో వచ్చే పోలీసు సీరియల్‌కు సెట్టింగులు చేయించే మనిషి. మా లోయలో ఒక భాగం తీస్తున్నారట. అందులో ఇన్‌స్పెక్టరు, ఖూనీ జరిగిన ప్రతి ఇంటికీ అడుగుకి అంగుళం లెక్కన చిన్న నమూనా చేయించుకుని, భూతద్దంతో అందులోకి చూసి హంతకుడిని పట్టేస్తాడట. "ఒక ఆడమనిషి చనిపోయిన ఇల్లు చెయ్యాలమ్మా. చూస్తే నిజమనిపించాలి," అన్నాడు.

"ఎవులి ఇల్లు బాబూ?" అన్నాను.

"ఎవరిదైనా ఫరవాలేదు. ఊహించి చెయ్యండి."

ఊహించి చేయడం నాకు రాదు. నా చేతులు చూసినదే చేస్తాయి. ఆడమనిషి చనిపోయిన ఇల్లు నేను ఒక్కటే చూశాను. అదే చేశాను.

పందొమ్మిది రోజులు పట్టింది. మట్టి జల్లెడ పట్టి, దూది కలిపి గోడలు లేపాను. రేకు తలుపు డబ్బా మూతతో చేశాను. గోనెపట్టా, కుంపటి, అందులో బూడిద, అర గ్లాసు గంజి, సగం కుట్టిన విస్తరి, అన్నీ ఎక్కడివక్కడ పెట్టాను. గొడుగు కమ్మీతో జాలీకి పన్నెండు బొక్కలు పొడిచాను. తరువాత ఆ పన్నెండూ ఎర్రమట్టితో మూసేశాను. యర్రమ్మను గోడవైపు తిప్పి పడుకోబెట్టాను. ముఖం చేయలేదు. మూడుసార్లు చేసి మూడుసార్లూ ముద్ద చేసేశాను. ఆ పందొమ్మిది రోజులూ నాకు ఇంట్లో మనిషి ఉన్నట్టే ఉంది. గంజి తాగేటప్పుడు దాని ముందు కూర్చుని తాగేదాన్ని. కబుర్లు చెప్పేదాన్ని. ఇది చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది, కానీ నిజం చెబుతానని వచ్చాను.

6-12-2003 శనివారం ఫణీంద్ర వచ్చి చూశాడు. "మూసేసేదానికి మళ్ళీ బొక్కలు పొడవడం ఎందుకమ్మా?" అని నవ్వాడు.

"అక్కడ బొక్కలుండేవి కాబట్టి," అన్నాను. నాకు కోపం వచ్చింది.

"మట్టి ఎందుకు?"

"సలి గాలి రాకుండా."

ఆయన కుంపటి చూశాడు. గోనెపట్టా వేలితో ముట్టుకున్నాడు. నవ్వు పోయింది. "ఈ ఇల్లు ఎవరిది?" అని అడిగాడు. మా చెల్లెలిదన్నాను. ఏమైందని అడిగాడు. బయటివాడికి అదంతా ఎందుకని జ్వరంతో పోయిందన్నాను. తరువాత రోడ్డు మీది టెలిఫోన్ బూత్‌కు వెళ్ళి ఎవరితోనో గంటసేపు మాట్లాడి వచ్చాడు. కథలో మొదట కత్తిపోటు ఉండేదని, ఆ రోజే మార్చారని మాధవి గారు తరువాత చెప్పారు. ఆయన నాతో, "చాలా బాగా చేశారమ్మా," అని మాత్రం అన్నాడు. ఆయనకు ఆ రోజే తెలిసిపోయిందని ఇప్పుడు అనుకుంటున్నాను. నా ముఖం మీద చెప్పలేకపోయి ఉంటాడు. టీవీలో అందరికీ చెప్పాడు.

12-2-2004 గురువారం రాత్రి ఎనిమిది గంటలకు మాధవి గారు కేంద్రంలోని టీవీ మా కాలనీ బడికి తెప్పించి పెట్టారు. మన రాజులమ్మ పని టీవీలో వస్తోందని అందరినీ పిలిచారు. నన్ను ముందు వరుసలో కుర్చీలో కూర్చోబెట్టారు. ఫల్గుణ వెనక గోడ దగ్గర నిలబడ్డాడు. నాకు, నిజం చెప్పాలంటే, చాలా గర్వంగా ఉంది. ఐదేళ్ళ తరువాత అంతమంది నా పక్కన కూర్చున్నారు.

నా ఇల్లు టీవీ నిండా వచ్చింది. మా వాళ్ళు చూడగానే గుర్తుపట్టారు. "మూడో నంబరిల్లు కదే ఇది! యర్రి పక్క సూడు!" అన్నారు. ఇన్‌స్పెక్టరు భూతద్దంతో కిటికీ పైన చూశాడు. గుండుసూదితో ఒక బొక్కలోని మట్టి తీశాడు. అందులోంచి సన్నగా వెలుతురు లోపల పడింది. గది మూసేసి నిప్పులు పెడితే ఆ గాలే విషమవుతుందని, నిద్రలోనే మనిషి పోతుందని చెప్పాడు. "ఈ రంధ్రాలు ఎవరు మూశారో వాళ్ళే ఈమెను చంపారు," అన్నాడు. కథలో మొగుడు మూశాడు.

బడిలో అందరూ వెనక్కి తిరిగి ఫల్గుణను చూశారు. నేను నా చేతులు చూసుకున్నాను. గోళ్ళలో ఎప్పుడూ మట్టి ఉంటుంది. ఎవరో ఫల్గుణ మీద ఉమ్మేశారు. అతను వెళ్ళిపోయాడు. నేను లేచి చెప్పవలసింది. చెప్పలేదు. అది నా రెండో తప్పు. మొదటిది తెలియక చేశాను, ఇది తెలిసే చేశాను.

శుక్ర, శని, ఆది వారాలు తలుపు వేసుకుని ఉన్నాను. అన్నం వండలేదు. యర్రమ్మ తమ్ముడు మళ్ళీ పోలీసుల దగ్గరికి వెళ్ళాడు. ఎస్.ఐ. సర్వేశ్వరరావు గారు పాత కాగితాలు తీసి చూస్తే, అందులో జాలీ తెరిచి ఉందని రాసి ఉంది. సోమవారం పొద్దున వచ్చి, టీవీలో చూపిన ఆ మట్టి ఏమైందని ఫల్గుణను అడిగారు. "తీసింది నేనే," అన్నాడట. పెట్టింది ఎవరని అడిగితే నోరు విప్పలేదట. జీపు ఎక్కించారు. నేను కిటికీ సందులోంచి చూశాను.

17-2-2004 మంగళవారం ఉదయం ఏడున్నరకు స్టేషనుకు వెళ్ళాను. ఎస్.ఐ. గారి కాళ్ళు పట్టుకుంటే, కోర్టుకు తీసుకెళ్ళే ముందు రెండు నిమిషాలు మాట్లాడనిచ్చారు. ఫల్గుణ ఊచల వెనక కింద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"మట్టి మెత్తింది నేనే ఫల్గుణా," అన్నాను.

"తెలుసు వదినా," అన్నాడు.

"ఎప్పుడు తెలిసింది?"

"ఆ పొద్దే. సొరంగంలో నా పక్కనే ఇద్దరు పోనారు అలాగ. ఆ పొగ సంగతి నాకు తెలుసు. జాలీ సూడగానే తెలిసింది. మన గూడెంలో అంత నున్నగా మెత్తేదెవులు, నువ్వు కాక?"

"మరి సెప్పలేదేం? పోలీసులకి నీ మీద సెప్పింది నేనే కదా!"

"సెప్తే నువ్వు బతుకుతావేటి?" అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. ఊచలు పట్టుకుని నేల మీద కూలబడ్డాను. అతను కూడా మళ్ళీ కింద కూర్చున్నాడు.

"నాకు మాత్తరం ఎవులున్నారు వదినా? నువ్వు మాటాడకపోనా, సందేళయితే నీ ఇంట్లో దీపం ఎలిగేది. యర్రిని ఎరిగిన మనిషి ఒకర్తి ఉంది, సాలనుకున్నాను," అన్నాడు.

అప్పుడు కానిస్టేబులు వచ్చి టైమయిందన్నాడు.

పోలీసుల దగ్గర చెబితే సరిపోదని, మేజిస్ట్రేటు గారి ఎదుట చెప్పాలని ఎస్.ఐ. గారు అన్నారు. అందుకే వచ్చాను. జాలీ మూసింది నేను. నిప్పులు పోసింది నేను. గోనెపట్టా పెట్టింది నేను. తలుపు లాగింది నేను. ఆమె చలికి వణుకుతుంటే చూడలేక చేశాను. దీనికి చట్టంలో ఏమి ఉంటే అది నాకు వేయండి. ఫల్గుణను ఈ పూటే వదిలిపెట్టండి.

ఇంకా చెప్పవలసింది ఉందా అని అమ్మగారు అడిగారు. ఐదేళ్ళలో అతను పలకరించినప్పుడల్లా నేను పలకలేదు, అది కూడా రాయమన్నాను. కేసుకు అది అవసరం లేదమ్మా అన్నారు. అయినా రాయమన్నాను. రాశారు.

ఇదంతా నాకు తెలుగులో నెమ్మదిగా చదివి వినిపించారు. నేను చెప్పింది చెప్పినట్టే ఉంది. ఇందులో ఒకరు నేర్పిన మాట లేదు, నేను దాచిన మాట లేదు. నిజమని ఒప్పుకుని నా చేతులారా వేలిముద్ర వేస్తున్నాను.

కిల్లో రాజులమ్మ, ఎడమచేతి బొటనవేలి ముద్ర

నా ఎదుట వేయబడినది: గాయత్రి, మేజిస్ట్రేటు
19-2-2004, మధ్యాహ్నం ఒంటిగంట పది నిమిషాలు